పదహారు పసుపు గీతలు

మొన్న శుక్రవారం పొద్దున్న మా కారు మేస్త్రి పోయాడని ఫోను వచ్చింది. ఫోను ఎత్తింది మా అబ్బాయి. "ఎప్పుడు? ఎలాగ?" అని రెండు మాటలే అన్నాడు. ఆ రెండు మాటలకే మాకు కావలసిన వాళ్ళందరూ ఒక్కసారి మనసులో వరసగా నిలబడ్డారు. ఆ వరసలో మేస్త్రి లేడు. రాత్రి అన్నం తిని పడుకున్నాడట, పొద్దున్న లేవలేదట. గాలి వీస్తే భయం, వీయకపోతే భయం అనే మనిషిని నేను. అలాంటిదాన్ని అతని విషయంలో మాత్రం ఒక్కనాడూ భయపడలేదు. ఇనుముతో బతికే మనిషి కదా, ఏమవుతుందిలే అనుకున్నానేమో.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. చాకలి పద్దు, దేవుడి శ్లోకాలు తప్ప ఇంత పొడుగున ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది ఎందుకంటే, మా ఇంటివల్ల ఆ మేస్త్రి మీద ఒక మాట పడింది. బోల్టులు విరగ్గొడతాడన్న మాట. అది నిజం కాదు. మొన్నటిదాకా ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరమే. అందులో ఒకరు వెళ్ళిపోయారు.

మా ఊళ్ళో పాత కార్లున్న వాళ్ళకి అతని రేకుల షెడ్డు తెలిసే ఉంటుంది. బుచ్చయ్యపేట వైపు నుంచి చిన్నప్పుడే అనకాపల్లి వచ్చి పని నేర్చుకున్నాడు. మా కారు కొన్న ఏడాది నుంచీ అతనే చూసేవాడు. నన్ను అప్పా అనేవాడు, మా ఆయన్ని బావా అనేవాడు, మా అబ్బాయిని అల్లుడా అనేవాడు. మా అబ్బాయి కూడా మావా అని నోరారా పిలిచేవాడు, ఒకప్పుడు.

పనికి ముందు తలకి తువ్వాలు చుట్టుకుని, బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. జ్వరం చూసినట్టుండేది. విప్పిన బోల్టుల్ని కింద పేపరు పరిచి, కారుకి ఎలా ఉండేవో అలాగే పెట్టేవాడు. "దేని సోటు దానికి అలవాటు. మార్చీసేవనుకో, అలుగుతాది" అనేవాడు. టీ ఇస్తే సాసరులో పోసుకునేవాడు. చేతులకి మసి ఉందని కప్పు చెవి పట్టుకునేవాడు కాదు, రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకునేవాడు.

మాకు బెల్లం మార్కెట్టులో కొట్టు ఉంది. ఏ చుట్టాల ఇంటికి వెళ్ళినా డిక్కీలో రెండు మూడు బెల్లం దిమ్మలు పెట్టాల్సిందే. ఒక వానాకాలం స్టెప్నీ టైరు బయటికి తీయాల్సి వచ్చింది. దాన్ని పట్టి ఉంచే బోల్టు ఎంత తిప్పినా కదల్లేదు. దారిన పోయే ఇద్దరు మెకానిక్కులు చూసి, తుప్పు పట్టేసింది, గ్యాసుతో కోసేయాలన్నారు. డిక్కీ కింద పెట్రోలు టాంకీ ఉంటుందని అప్పటికే నాకు తెలుసు. గ్యాసు అన్న మాట వినగానే నేను కారుకి అడ్డంగా నిలబడిపోయాను.

మేస్త్రి వచ్చాడు. బోల్టు మీద వేలు పెట్టి రాశాడు. వాసన చూశాడు. తర్వాత ఆ వేలు నాలిక్కి తగిలించుకున్నాడు.

"అప్పా, సెంబుడు ఏణ్ణీళ్ళు పట్రా."

"టీ పెట్టమంటావా తమ్ముడా?"

"టీ కాదప్పా. ఇది తుప్పు కాదు, పాకం! మీ బెల్లమే కరిగి మరల్లోకి దిగిపోనాది."

వేణ్ణీళ్ళు పోసి పావుగంట ఆగాడు. బోల్టు చేత్తోనే తిరిగి వచ్చేసింది. మా ఆయన అరుగు మీద కూర్చుని ఒకటే నవ్వు. "ఊరందరికీ బెల్లం అమ్మేం, ఆఖరికి కారుకి కూడా తినిపించేం" అన్నారు.

బిగిసిపోయిన బోల్టుతో అతను ఎప్పుడూ కొట్లాడలేదు. కిరసనాయిలు, ఇంజను నూనె కలిపి చుక్కలు చుక్కలుగా వేసేవాడు. చిన్న సుత్తితో తట్టేవాడు, పసిపిల్లని జోకొట్టినట్టు. ఆ తర్వాత విప్పే వైపు కాకుండా ముందు బిగించే వైపు రవ్వంత తిప్పేవాడు. అదేమిటి తమ్ముడా ఉల్టా తిప్పుతున్నావని ఒకసారి కంగారుపడి అరిచాను.

"బిగుసుకున్నోడికి ఎదురెళ్ళకూడదప్పా. ముందు ఆడి మాటే ఇన్నట్టు కుసింత బిగించాల. అప్పుడు ఆడే ఒదుల్తాడు" అన్నాడు.

ఇక నా తప్పు సంగతి.

ఆరేళ్ళ కిందట మా ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. సోమవారం, గురువారం విశాఖ ఆసుపత్రికి వెళ్ళి మెషీను మీద పడుకోవాలి. కారు తోలేది మా అబ్బాయి. ఆయన పక్కన నేను. మెషీను మీదున్నప్పుడు ఆయనకి చలి పుడుతుంది, నా చెయ్యి పట్టుకుని పడుకుంటారు. నాలుగు గంటలు ఆ చెయ్యి తీయను. పెద్దరోడ్డు మీద లారీలు పక్కనించి దూసుకుపోతుంటే నాకు ఒకటే ఆలోచన, చక్రం ఊడితేనో? ఎవరో పక్కింట్లో అన్నారు, ఎక్కడో ఎవరిదో నడుస్తున్న కారు చక్రం ఊడిపోయిందని. ఆ మాట నా చెవిలోంచి పోలేదు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం చక్రాల నట్లు పదహారింటికీ తడి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేదాన్ని. గుమ్మానికి రాసినట్టే. ఆ ఒక్కటే అయితే సరే. ఆసుపత్రికి వెళ్ళే రోజుల్లో మా అబ్బాయి లేవకముందే డిక్కీలోంచి వీల్ పానా తీసి, ఒక్కో నట్టుకీ తగిలించి, గోడ పట్టుకుని ఆ పానా మీదికి ఎక్కి నిలబడేదాన్ని. నా బరువంతా వేసి బిగించేదాన్ని. కిర్రుమంటే నా మనసు కుదుటపడేది.

మా అబ్బాయికి అప్పటికే నా కంగారుతో విసుగొచ్చేసింది. దారి పొడుగునా అటు చూడు, ఇటు చూడు అంటాను కదా. "ఇంకోసారి బండి తోలుతుంటే మధ్యలో అరిచేవంటే నిన్ను ఇంట్లో ఒగ్గీసి నాన్నని ఒక్కడినే తీసుకెళ్తాను" అన్నాడు ఒకసారి. ఉత్తినే అన్న మాట కాదది. వాడు అన్నాడంటే చేస్తాడు.

నాలుగేళ్ళ కిందట ఒక సోమవారం, వాన. బయల్దేరబోతే ముందు టైరు నేలకి అంటుకుని ఉంది. మా అబ్బాయి చక్రం విప్పబోయాడు, ఒక్క నట్టు కదిలితే ఒట్టు. మేస్త్రికి ఫోను చేశాడు. అతను ఎరువుల సంచి నెత్తిమీంచి కప్పుకుని స్కూటరు మీద వచ్చేశాడు. మూడు నట్లు మూలుగుతూ వచ్చాయి. నాలుగోది రాలేదు.

"నూనేసేను. ఓ అరగంట నాననియ్యల్లుడా" అన్నాడు మేస్త్రి.

"అరగంట లేదు మావా! ఎనిమిదింటికి నాన్న మెషీను మీదుండాల. ఏదోటి చెయ్యి."

మా ఆయన గుమ్మంలో కుర్చీ మీద కూర్చుని ఉన్నారు, ఆసుపత్రి సంచీ ఒళ్ళో పెట్టుకుని. కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. మేస్త్రి ఆయన కాళ్ళవైపు ఒకసారి చూసి పానా అందుకున్నాడు. తట్టాడు. రవ్వంత బిగించాడు. తర్వాత విప్పే వైపు లాగాడు. టక్కుమంది. నట్టుతో పాటు బోల్టు ముక్క పానాలోకి వచ్చేసింది.

అతను ఆ ముక్కని దగ్గరగా పెట్టుకుని చూశాడు. మరల్లో గోరు పెట్టి గీరి, గోరు చూసుకున్నాడు. తర్వాత తలెత్తి నావైపు చూశాడు. ముక్కని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏటి మావా ఇది!" అని మా అబ్బాయి అరిచాడు. "ఆఖర్న చక్రాలు బిగించింది నువ్వే కదా. అంతలాగ బిగిస్తారేటి ఎవరైనా?"

అప్పుడు నేను నోరు విప్పాల్సింది. అది నేనే బాబూ అనాల్సింది. నా అరచేతులు చీర కొంగులో దాచుకున్నాను.

"అవునల్లుడా" అన్నాడు మేస్త్రి. "నా సెయ్యి బరువు. తప్పు నాదే."

"ఇంత పని తెలిసినోడివి, ఇవాళే విరగ్గొట్టాలా? పని చేతకాకపోతే మానీ మేస్త్రీ!"

మావా అన్న పిలుపు ఆ రోజుతో ఆఖరు.

మూడు నట్లతో పోనిచ్చేస్తానన్నాడు మా అబ్బాయి. మేస్త్రి చక్రానికి అడ్డంగా కూర్చున్నాడు. "నన్ను తిట్టు, కొట్టు. మూడింటితో మాత్రం బావని పెద్దరోడ్డు ఎక్కించను" అన్నాడు. తనే ఎవరికో ఫోను చేసి టాక్సీ రప్పించాడు. ఆసుపత్రికి గంటన్నర ఆలస్యంగా చేరాం. మెషీను మీద ఆ రోజు ఆయనకి పూర్తి సమయం దొరకలేదు. రెండు రోజులు ఆయాసపడ్డారు. అది కూడా నావల్లే.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మా కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. విరిగిన బోల్టు మొదలుని వెనకనుంచి కొట్టి తీసి, కొత్తది వేశాడు. మిగతా చక్రాల నట్లూ విప్పి, మరలు బ్రష్షుతో తోమి, నూనె పెట్టి బిగించాడు. ఒక్కో నట్టు మీంచి చక్రం మీదికి పసుపు రంగుతో ఒక గీత గీసి ఉంది. పదహారు నట్లకి పదహారు గీతలు.

"ఇదేటి, ముగ్గులేస్తన్నాడా?" అని మా అబ్బాయి విసుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. మూడో రోజు కూరలకి వెళ్తున్నానని చెప్పి షెడ్డుకి వెళ్ళాను. అతను ఒక్కడే ఉన్నాడు. కొబ్బరి చిప్ప నిండా పాత బోల్టులుండేవి అతని దగ్గర. అందులోంచి మా ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. మరల సందుల్లో తుప్పుతో కలిసి గట్టిపడిపోయిన పసుపు.

"తమ్ముడా, ఆ తప్పు..."

"నాకు తెల్సప్పా. మీ కారు నట్లు ఎప్పుడూ బొట్టెట్టుకునే నా షెడ్డుకొత్తాయి, తెలీదేటి? పసుపునీల్లు దిగి తుప్పట్టినాది, అది సరే. అంత బిగింపు ఎలాగొచ్చిందో మాత్తరం నాకు తెల్లేదు."

"పానా ఎక్కి నిలబడతాను."

"రెండు కాళ్ళతోనా?"

"గోడ పట్టుకునే."

అతను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. కళ్ళంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "ఓలప్పా! ఈ వయసులో పానా ఎక్కినావా? జారి పడ్డావనుకో, తుంటి ఇరుగును గదా!"

ఇంత భయపడే దాన్ని, ఆ భయం మాత్రం నాకు రానే రాలేదు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను.

"మరి నీ మీద ఎందుకేసుకున్నావు? వాడు మార్కెట్టంతా చెప్తాడు. నీ పనికి చెడ్డ పేరొస్తుంది."

"అల్లుడి సంగతి నాకు తెల్దేటి? నువ్వే ఇరిసేవని తెలిత్తే నిన్ను కారెక్కనివ్వడు. అక్కడ బావకి నీ సెయ్యుండాల. నా పేరుకేటప్పా, ఇంకో బండి బాగుసేత్తే అదే వత్తాది."

మా ఆయన నా చెయ్యి పట్టుకుని పడుకుంటారని అతనికి ఎప్పుడు తెలిసిందో! ఆయనే చెప్పి ఉంటారు.

తర్వాత నన్ను షెడ్డులోని ఒక కారు చక్రం దగ్గర కూర్చోబెట్టి గీతల సంగతి చెప్పాడు. నట్టు మీద గీత, చక్రం మీద గీత ఒకటిగా కలిసి ఉంటే నట్టు కదలలేదని అర్థం. వెంట్రుకంత వదులైనా గీత రెండు ముక్కలవుతుంది. "రోజుకి పదిసార్లు సూసుకో, ఎవరొద్దన్నారు? సేత్తో ముట్టుకోకు. గీత తప్పితే నాకు ఫోను సెయ్యి. నీకు కావలసింది పసుపే గదా, ఇదీ పసుపే. తడవదు, కరగదు. ఆ తడి పసుపు స్టీరింగుకి ఎట్టుకో."

భయపడకు అని నాతో అనని మనిషి అతనొక్కడే. అందరూ అనేవారు, అంటే నాకు భయం ఇంకా బిగుసుకుపోయేది. అతను నా భయానికి చూసుకునేందుకు ఒక గీత ఇచ్చాడు. ఆ వారం నుంచి పానా ముట్టలేదు.

నేను అనుకున్నట్టే మా అబ్బాయి మార్కెట్టులో ఆ మాట అన్నాడు. ఆ మేస్త్రి చెయ్యి పోయింది, బోల్టులు విరగ్గొడతన్నాడు అని. మా కారుని ఒక పెద్ద వర్క్‌షాపులో పెట్టాడు. షెడ్డు ముందు నిలబడే కార్లు ఆ ఏడాది తగ్గాయి. మావల్లేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా కార్లు లెక్కపెట్టేదాన్ని.

ఏడాది తర్వాత సైలెన్సరు బోల్టులు తుప్పుపట్టి ఊడిరాకపోతే, ఆ వర్క్‌షాపు వాళ్ళు ఇంత పాత బండికి పని చెయ్యలేం, అమ్మేయండి అన్నారు. అప్పుడు మళ్ళీ మా మేస్త్రే గతయ్యాడు. ఏమీ జరగనట్టు వచ్చాడు. రెండు పూటలు నూనెలో నాననిచ్చి ఒక్కటి కూడా విరక్కుండా తీశాడు. పనైపోయాక మా అబ్బాయి, "బాగా తీసేవు మేస్త్రీ" అన్నాడు. అతను నవ్వి, "నీ దయల్లుడా" అన్నాడు. మేస్త్రీ అన్నప్పుడు అతని కళ్ళు ఒక్క క్షణం కిందికి దిగేవి. నేను చూసేదాన్ని.

ఏటా దసరాకి వచ్చి చెరిగిన గీతలు మళ్ళీ గీసేవాడు. అప్పుడు నేను పక్కన నిలబడి అడిగేదాన్ని, "అబ్బాయికి చెప్పేయనా తమ్ముడా?" అని. "బావకి బాగయ్యేక సెబుదువులే" అనేవాడు. ఆ జబ్బు బాగయ్యేది కాదని ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం ఫోను వచ్చాక మా అబ్బాయీ నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. అతన్ని అరుగు మీద పడుకోబెట్టారు. స్నానం చేయించినా గోళ్ళ సందుల్లో నలుపు అలాగే ఉంది. అతని భార్య ఆ వేళ్ళు సవరిస్తూ నాతో, "ఎంత తోమినా పోలేదొదినా" అంది. పోనవసరం లేదమ్మా అందామనుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేశాను. షెడ్డు దగ్గర పనిచేసుకునే తోటి మేస్త్రులు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన మా అబ్బాయిని చూసి తల తిప్పుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో చెప్పేశాను. పసుపు సంగతి, పానా ఎక్కిన సంగతి, జేబులో వేసుకున్న ముక్క సంగతి, అంతా. వాడు కారు పక్కకి ఆపాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. స్టీరింగు నడుమ నేను పొద్దున్న పెట్టిన పసుపు బొట్టు ఉంది, దాన్నే చూస్తూ.

"నాలుగేళ్ళమ్మా" అన్నాడు చివరికి. అంతే.

శనివారం మాట్లాడలేదు. ఆదివారం మాట్లాడలేదు. మా ఆయనకి చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకుని, "రేపు నిన్ను రానిస్తాడో లేదో" అన్నారు. నా భయమూ అదే. అయినా చెప్పినందుకు బాధ లేదు. ఈ భయం నేను మొయ్యాల్సిందే, నాలుగేళ్ళు నా బదులు ఇంకొకరు మోశారు.

సోమవారం పొద్దున్న ఆయన్ని కారులో కూర్చోబెట్టి, నేను సంచీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఎక్కమనే దాకా ఎక్కకూడదనుకున్నాను. మా అబ్బాయి తాళాలు జేబులో వేసుకుని ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఒక్కో నట్టూ చూశాడు. లేచి రెండో చక్రం దగ్గరికి వెళ్ళాడు. తర్వాత మూడోది. నన్ను ఎన్నిసార్లు ఎగతాళి చేశాడు ఇలా వంగి చూస్తున్నందుకు! వెనక చక్రం మీద ఒక గీత వానకో, కడిగినప్పుడో సగం చెరిగిపోయి ఉంది. దాని దగ్గర ఆగిపోయాడు.

"ఎక్కమ్మా" అన్నాడు నావైపు తిరక్కుండానే. "మావ గీతలన్నీ కలిసే ఉన్నాయి."

నేను వెళ్ళి మా ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన నా చెయ్యి అందుకున్నారు. వాడు మాత్రం ఇంకా లేవలేదు. కిటికీ అద్దంలోంచి చూస్తే, ఆ చెరిగిన పసుపు గీత మీద బొటనవేలు ఆనించి అలాగే కూర్చుని ఉన్నాడు.